రొయ్యల గట్టు మీద పరుగు

నా బూట్ల వల్ల ఒక రొయ్యల చెరువు పోయిందని మా ఊళ్ళో అన్నారు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అది నిజమో కాదో తేల్చుకోవడానికి నా నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాను. రెండు లెక్కలు వేశాను. రెండూ సరిపోయాయి. ఒక ప్రశ్నకి రెండు జవాబులొచ్చాయంటే ఎక్కడో తప్పు చేశామని అర్థం. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో అలాంటి తప్పు దొరకబుచ్చుకోకుండా నేను కాగితం పక్కన పెట్టిన రోజు లేదు. ఇది మాత్రం దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ ఉద్యోగం మచిలీపట్నంలో, కాలవల ఆఫీసులో. ట్రేసరుగా చేరాను, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. గట్ల ఎత్తు, వాలు, తూముల కొలతలు గీయడం నా పని. దివిసీమలో ఏ మురుగు కాలవ ఎక్కడ మొదలై ఎక్కడ సముద్రంలో కలుస్తుందో కాగితం మీద నాకు కంఠతా వచ్చు. అయితే ఆ గట్ల మీద ఒక్కసారి కూడా నడవలేదు. సైటుకి మగవాళ్ళే వెళ్ళేవారు. వాళ్ళు తెచ్చిన కొలతలు నేను గీసేదాన్ని. అవి నిజంగా గొలుసు పట్టి కొలిచినవో, ఏ చెట్టు నీడనో కూర్చుని రాసుకొచ్చినవో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

రిటైరయ్యాక దివిసీమలో మా అక్క దగ్గరికి వచ్చేశాను. అక్క టీచరు చేసి నాకంటే నాలుగేళ్ళ ముందు రిటైరయింది. కరకట్టకి ఆరువందల మీటర్ల దూరంలో ఇల్లు. నాకు షుగరు అంచుల్లో ఉంది, రోజూ నలభై అయిదు నిమిషాలు నడవమన్నాడు డాక్టరు. నడిచాను. విసుగు పుట్టింది. నడకలో మనసు ఖాళీగా ఉంటుంది, ఖాళీగా ఉంటే ఎవరెవరు ఏం దాచారా అని ఆలోచిస్తుంటాను. ఒక రోజు కరకట్ట మీద కుక్క వెంటపడితే పరుగెత్తాను. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే కుక్క లేదు. అయినా ఆగబుద్ధి కాలేదు. అప్పుడు నాకు అరవై ఒకటి.

"ఏమే, ఈ వయసులో నీకు గుర్రపు పరుగులేంటే?" అంది అక్క. "పడితే తుంటి విరుగుతుంది. మంచం మీద సేవలు నేను చెయ్యలేను, ముందే చెప్తున్నా."

"నువ్వు చేస్తావని నేనెప్పుడూ అనుకోలేదులే."

"అనుకోకు. ఆ చీర కుచ్చిళ్ళు కాళ్ళకి తగిలి కాలవలో పడితే తియ్యడానికి కూడా రాను."

మర్నాడు మచిలీపట్నం వెళ్ళి బూట్లు, రెండు జతల సల్వారు కమీజులు కొనుక్కొచ్చాను.

రోడ్డు మీద కాకుండా మట్టిదారుల్లో పరుగెత్తడాన్ని ట్రయిల్ రన్నింగ్ అంటారని తర్వాత ఫోనులో చదివాను. అందులో బొమ్మలన్నీ కొండలు, అడవులు. మాకు కొండలు లేవు. దివిసీమలో ఎత్తంటే కరకట్టే, అడవంటే సముద్రం దగ్గరి మడ చెట్లే. అయినా మా గట్లని తక్కువ చేయక్కర్లేదు. నల్లరేగడి మట్టి వాన పడ్డాక బూటుని వదలదు. వంటింటి కాటా మీద తూచాను: శుభ్రంగా ఉన్న బూటు రెండువందల అరవై అయిదు గ్రాములు, అదే బూటు వాన మర్నాడు ఆరువందల పది. అంటే ఒక్కో కాలితో మూడువందల నలభై అయిదు గ్రాముల దివిసీమని ఎత్తుకుని పరుగెత్తుతున్నానన్నమాట. రొయ్యల గట్లయితే ఇంకా కష్టం. వెడల్పు రెండడుగులుంటే ఎక్కువ. పిట్టలు వాలకుండా చెరువు మీద కట్టిన దారాల కొసలు గట్టు మీద గూటాలకి ఉంటాయి. నీళ్ళని చిలికే ఏరేటర్లకి వెళ్ళే కరెంటు తీగలుంటాయి. కంప ముళ్ళుంటాయి. చూపు ఎప్పుడూ నాలుగడుగుల ముందుండాలి. ఆ నాలుగడుగుల్లో తప్ప మనసు ఇంకెక్కడా ఉండదు. నాకు అందులో దొరికిన సుఖం అదే. ముప్పావు గంటసేపు ఎవరినీ అనుమానించే తీరిక ఉండేది కాదు.

అనుమానించే పని అవతలివాళ్ళు చూసుకునేవారు. గుడివాడలో మా చిన్నాన్న కూతురింటికి వెళ్ళినప్పుడు కాలవ గట్టు మీద పరుగెత్తితే మూడు బళ్ళు ఆగాయి. "ఎవరికన్నా సీరియస్సాండీ? ఎక్కండి, ఆస్పత్రి దగ్గర దింపుతాం" అన్నారు. రొయ్యల చెరువులున్న చోట తెల్లారే వేళకి గట్టు మీద కనబడ్డ మనిషిని ఎవరూ ఆస్పత్రికి తీసుకెళ్తామనరు. మొహం మీద టార్చి వేస్తారు. నన్ను మొదటి నెల దొంగల తరఫున చెరువులు చూసిపోయే మనిషిననుకున్నారు. రెండో నెల, చెరువులకి పర్మిషన్లున్నాయో లేదో రాసుకునే ఆఫీసు మనిషిననుకున్నారు. నోటుబుక్కు చేతిలో ఉండటం వల్ల రెండో అనుమానం చాలాకాలం పోలేదు.

నోటుబుక్కులో రాసేవి ఇవి: తారీకు, బయల్దేరిన టైము, తిరిగొచ్చిన టైము, గట్టు పొడిగా ఉందా జారుతోందా, మురుగు కాలవలో నీటిమట్టం, ఏదైనా కొత్త సంగతి. నీటిమట్టం ఎవరూ అడగలేదు, పాత అలవాటు. దూరం ఫోను చూపించింది నమ్మకుండా అడుగులతో కొలిచాను. పరుగులో నా అడుగు ఎనభై రెండు సెంటీమీటర్లు. ఇంటి నుంచి కరకట్టకి ఆరువందల మీటర్లు, కరకట్ట మీద పందొమ్మిది వందలు, చెరువు గట్ల మీద పన్నెండు వందలు. పోవడానికి మూడువేల ఏడువందలు, అంటే నాలుగువేల అయిదువందల పన్నెండు అడుగులు.

చెరువు గట్ల దారి నాకు అరవై ఆరో ఏట, అక్టోబరు పదో తారీకున దొరికింది. అంతకుముందు కరకట్ట చివరిదాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. ఆ రోజు కిందికి దిగి ఒక చిన్న చెరువు గట్టెక్కాను. ఎకరంన్నర చెరువు. ఇరవై అడుగులు వేయకముందే జారి, మోకాలిదాకా బురదలో కూర్చున్నాను. పాకలోంచి రైతు పరుగెత్తుకొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. వాళ్ళది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. తండ్రి పడవ పోయాక ఇతను చెరువు కౌలుకి పట్టాడు. మా అక్క దగ్గర చదువుకున్నాడట, అక్కని పెద్దమ్మగారూ అనేవాడు.

"పిన్నిగారూ, దెబ్బ తగిల్లేదు కదా? ఆ బురదతో ఏం వెళ్తారు, ఇదిగో ఈ మెట్టు మీద కడుక్కోండి."

తన చెరువులోకి నీళ్ళు తోడే ఇంజను దగ్గర, కాలవలోకి దిగే సిమెంటు మెట్టు చూపించాడు. మనింటి ముందుకి వచ్చిన మనిషికి కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళివ్వమా, అలాగే. కాళ్ళు, బూట్లు కడుక్కున్నాను.

"పెద్దమ్మగారికి నేను అడిగానని చెప్పకండి గానీ, ఇంత పొద్దున్నే దేనికండీ ఈ కష్టం?"

"కష్టం కాదు. బాగుంటుంది."

"బాగుంటుందా!" అని నవ్వాడు. "నేను రాత్రంతా ఈ గట్టు మీదే తిరుగుతాను. నాకెప్పుడూ బాగోలేదేంటండీ?"

అతని చెరువులో రొయ్య పిల్లల్ని వదిలి అప్పటికి పదమూడు రోజులు. సెప్టెంబరు ఇరవై ఏడున వదిలాడట. పంటకి నూరు రోజులు దాటాలి. ఈ పంట గట్టెక్కితే చెరువు అతనికి నిలుస్తుంది, లేకపోతే వదిలేసి ఎవరి పడవ మీదో వేటకి వెళ్ళాలి. ఇదంతా అడగకుండానే చెప్పాడు. అడగకుండా చెప్పేవాళ్ళని నేను చప్పున నమ్మను. అతను చెప్పిన తారీకుని అక్క దగ్గర సరిచూసుకున్నాను. నిజమే.

ఆ రోజు నుంచి అదే నా దారి, ఆ మెట్టే నా బూట్లు కడిగే చోటు. ఇంటికి బురదతో వెళ్తే అక్క వరండా మీద యుద్ధం చేసేది. పైగా ఊరి సిమెంటు రోడ్డు మీద మట్టి రాల్చుకుంటూ వెళ్ళడం నాకే నచ్చదు. పళ్ళు తోముకునే పాత బ్రష్షు ఒకటి సంచిలో పెట్టుకుని, బూటు అడుగు సందుల్లో మట్టి కూడా ఉండకుండా కడిగేదాన్ని.

అతని చెరువు అవతల, మురుగు కాలవకి ఎగువన, తొమ్మిదెకరాల పెద్ద చెరువుంది. దాని ఆసామి బండి మీద తెల్ల చొక్కాతో తిరిగేవాడు. నన్ను చూస్తే బండి ఆపి మరీ, "ఏంటండీ అమ్మగారూ, ఈ రోజెన్ని రౌండ్లు?" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు మొదట్నుంచీ నచ్చలేదు. కారణం రాయడానికేం లేదు. అతని గట్టు మొదట్లో ఒక ప్లాస్టిక్ టబ్బు ఉండేది. చెరువు నుంచి చెరువుకి వెళ్ళేవాళ్ళు అందులో ఊదారంగు మందు నీళ్ళల్లో కాళ్ళు ముంచి వెళ్ళాలి, ఒక చెరువు బురద ఇంకో చెరువుకి తగలకూడదు. అతని టబ్బులో నేనెప్పుడూ నీళ్ళు చూడలేదు. పిల్లి పడుకునేది. నేను అది పనివాళ్ళ నియమం అనుకున్నాను. నాకూ వర్తిస్తుందని తోచలేదు. కాగితం మీద ప్రతి గీతనీ రెండుసార్లు చూసే దాన్ని, ఆ టబ్బుని చూసి ఎందుకు ఆలోచించలేదో ఇప్పటికీ నాకు నా మీద కోపమే.

నవంబరులో వానలు పట్టాయి. పదహారు మధ్యాహ్నం ఆగాయి. పదిహేడున వెళ్తే, మామూలుగా నేను దిగే చోట కరకట్ట వాలు జారిపోయి ఉంది. చుట్టు తిరిగి పెద్ద చెరువు గట్టు మీదుగా వెళ్ళి, అక్కణ్ణుంచి రైతు గట్టెక్కాను. పద్దెనిమిదీ అంతే. పందొమ్మిదికి వాలు సర్దారు, మళ్ళీ పాత దారే.

ఇరవై నాలుగు సాయంత్రం నాలుగున్నరకి రైతు మా ఇంటికి వచ్చాడు. వెంట అతని బావ. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం కిందే నిలబడ్డారు.

"మేడమ్, ఒకసారి మీ బూట్లు చూపిస్తారా?"

నన్ను మేడమ్ అనడం అదే మొదలు.

"దేనికి?"

"రొయ్య అంచుకి వచ్చేసిందండి. తట్టలో వేసిన మేత వేసినట్టే ఉంది. తీసి చూస్తే తెల్లమచ్చ."

తెల్లమచ్చంటే రొయ్యకి వచ్చే జబ్బు, ఒకసారి పట్టిందంటే నాలుగైదు రోజుల్లో చెరువు మొత్తం పోతుంది. ఆ మాట అంటుంటే అతని గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

బావ అందుకున్నాడు. "గట్టు గట్టూ తిరిగేది మీరొక్కరేనండి. పెద్ద చెరువు గట్టు మీద కూడా మిమ్మల్ని చూసినవాళ్ళున్నారు. ఆ చెరువుకి జబ్బొచ్చి పది రోజులైందని ఇవాళ తెలిసింది. ఆయన బయటికి చెప్పలేదు."

వంటింట్లోంచి అక్క వచ్చింది. "ఏరా, నా చేత అక్షరాలు దిద్దించుకుని, నా గుమ్మంలో నిలబడి నా చెల్లెలి చెప్పులు సోదా చేస్తావా?"

"అది కాదు పెద్దమ్మగారూ..."

"చూపిస్తాను, ఆగు" అన్నాను నేను. ఆ క్షణంలో నాకు భయం లేదు, కోపం కూడా లేదు. చెప్పాలంటే కాస్త గర్వంగా ఉంది. నా శుభ్రత గురించి నన్నెవరూ ఎప్పుడూ వేలెత్తి చూపలేదు. బూట్లు తెచ్చి తిరగేసి పట్టుకున్నాను. "చూసుకోండి. గోరంత మట్టి కనిపిస్తే చెప్పండి. పరుగెత్తిన ప్రతిరోజూ కడుగుతాను. కడక్కుండా ఇంటికి తెచ్చిన రోజు ఒక్కటి లేదు."

"ఎక్కడ కడుగుతారండీ?" అన్నాడు బావ.

బూట్లు కిందికి దించాను. బావ నా వైపే చూస్తున్నాడు. రైతు చూడటం లేదు. అతను నాకంటే ముందే ఆ మెట్టు దాకా వెళ్ళిపోయాడని మొహం చూస్తే తెలిసింది.

"పద బావా" అన్నాడు. "పద, చీకటి పడకముందు ఇంకోసారి వల వేసి చూద్దాం."

జవాబు వినకుండానే వెళ్ళిపోయారు.

అక్క కూర్చుంది. "ఎక్కడ కడుగుతావే?" అంది. చెప్పాను. బూట్లు తీసుకెళ్ళి పెరట్లో పెట్టింది.

నోటుబుక్కు తీశాను. మొదటి లెక్క: పదిహేడు, పద్దెనిమిది తారీకుల్లో పెద్ద చెరువు గట్టు బురద నా బూట్లకంటింది. అదే గంటలో రైతు చెరువులోకి నీళ్ళు తోడే కాలవలో, ఇంజను మూతికి బారెడు దూరంలో కడిగాను. ఇరవై నాలుగుకి జబ్బు బయటపడింది. ఏడు రోజులు. రొయ్యల డాక్టరునని మందుల షాపు నడిపే అతనికి ఫోను చేసి అడిగితే, ఏడు రోజులు సరిపోతుందన్నాడు.

అప్పుడు పద్దెనిమిదో తారీకు పేజీలో నేనే రాసి మర్చిపోయిన రెండు ముక్కలు కనిపించాయి. వాటిని బట్టి ఇంకో లెక్క వేశాను. ఆరు రోజులు. అదీ సరిపోతుందన్నాడు.

ఆ రాత్రి నాకు వచ్చిన అనుమానాలన్నీ రాస్తే నా మీద ఎవరికీ గౌరవం మిగలదు. రైతు జవాబు వినకుండా ఎందుకు వెళ్ళాడు? మెట్టు చూపించింది తానేనని బావకి తెలియకూడదనా? లేక అందరి ముందు నా చేతే చెప్పించాలనా? పెద్ద చెరువు ఆసామి ఈ పాటికే ఊరంతా నా బూట్ల సంగతి పాకించి ఉంటాడా? అసలు గట్టు మీద నన్ను చూసినవాళ్ళెవరు? చివరికి నోటుబుక్కునే అనుమానించాను. ఆ రెండు ముక్కలూ నిజంగా ఆ రోజే రాశానా అని సిరా రంగు పక్క పేజీతో పోల్చి చూశాను. ఆ రోజుదే.

ఇరవై అయిదు పొద్దున కరకట్ట దగ్గర టీ బడ్డీ ముందు చేరారు. రైతు, అతని బావ, చుట్టుపక్కల చెరువుల వాళ్ళు ముగ్గురు, పెద్ద చెరువు ఆసామి. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను.

ఆసామి అప్పటికే మాట్లాడుతున్నాడు. "నేనే చూశానయ్యా రెండు రోజులు మా గట్టు మీద. పెద్దావిడ కదా, ఏమంటాం అని ఊరుకున్నాను. ఇప్పుడు మీ అందరి నెత్తి మీదికీ తెచ్చింది."

"పదిహేడు, పద్దెనిమిది" అన్నాను. "రెండు రోజులే. ఆయన చెప్పింది నిజం."

అందరూ వెనక్కి తిరిగారు. నోటుబుక్కు తెరిచి పద్దెనిమిదో తారీకు చదివాను. "ఆరు గంటల పది నిమిషాలు. పాటు సమయం. మురుగు కాలవలో నీళ్ళు ఉండాల్సినదానికంటే రెండు జానలు ఎక్కువ. పెద్ద చెరువు తూము దగ్గర తెల్ల నురుగు, నీచు వాసన. పెద్ద చెరువులో ఏరేటర్లు తిరగడం లేదు."

చెరువులవాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. పాటంటే సముద్రం వెనక్కి తీసే వేళ, అప్పుడు కాలవలో నీళ్ళు తగ్గాలి. జబ్బు చెరువు నీళ్ళు బ్లీచింగు కలిపి ఆపకుండా, రాత్రికి రాత్రి తూమెత్తి మురుగు కాలవలోకి వదిలేశాడని అర్థం. ఆ కాలవ నీళ్ళే పోటుకి కింది చెరువుల ఇంజన్ల దాకా వస్తాయి.

"వాన నీళ్ళండీ అవి" అన్నాడు ఆసామి.

"వాన పదహారు మధ్యాహ్నం ఆగింది. అదీ రాసి ఉంది."

"ఇంట్లో కూర్చుని ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. ముసలావిడ నోటుబుక్కు పట్టుకుని నన్ను దొంగని చేస్తారా?"

ఆ మాట ఎంత అన్యాయంగా అన్నా, అందులో పాయింటుంది. అతని స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. నేను అక్కడితో ఆపి ఉండొచ్చు. పేజీలు వెనక్కి తిప్పాను.

"ఇంకోటి వినండి. అక్టోబరు పది నుంచి నిన్నటిదాకా నలభై ఆరు రోజులు. వాన వల్ల పరుగెత్తనివి అయిదు. నలభై ఒక్క రోజులు బూట్లు ఇతని ఇంజను మెట్టు మీద, ఇతని కాలవ నీళ్ళల్లో కడిగాను. అందులో రెండు రోజులు వాటికి పెద్ద చెరువు గట్టు బురద ఉంది."

బావ పళ్ళు కొరికాడు. "నిన్న అడిగితే చెప్పలేదేంటమ్మా మరి?"

"నిన్న నాకు తట్టలేదు. తట్టేసరికి మీరు వెళ్ళిపోయారు."

"ఆ మెట్టు మీద కడగమని మీకెవరు చెప్పారసలు?"

అక్టోబరు పదో తారీకు పేజీ నా చేతిలో తెరిచే ఉంది. చివరి వాక్యం: రైతు మెట్టు చూపించాడు, కడుక్కోమన్నాడు. నా వేలు ఆ వాక్యం కిందే ఉంది. రైతు నా వేలు వైపు చూస్తున్నాడు. అంత దూరం నుంచి చదవలేడు, కానీ ఏం రాసి ఉంటానో అతనికి తెలుసు. రాయకుండా వదిలే మనిషిని కాదని ఊరందరికీ తెలుసు.

"నేనే కడిగాను" అన్నాను. పేజీ మూసేశాను.

అబద్ధం చెప్పలేదు. ఉన్నదాన్ని చదవలేదు. కాగితం మీద ఉన్నదాన్ని వదిలేసి చదవడం నాకు అదే మొదలు.

టీ బడ్డీ ఆవిడ గ్లాసులు కడుగుతూ, "తన మీద తానే చెప్పుకున్న మనిషి, ఆయన మీద మాత్రం ఎందుకు కల్పించి రాస్తుందండీ?" అంది. ఆసామి ఆమె వైపు ఒక చూపు చూసి బండి తీశాడు. ఏదీ తేలలేదు. తేల్చేవాళ్ళెవరూ లేరు కూడా. నీళ్ళల్లో ఏది ముందొచ్చిందో ఎవరు చూశారు? రైతు మాత్రం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా తరఫునా అనలేదు. "రేపు పట్టేస్తాను" అని బావతో చెప్పి పాక వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి వలలు దింపారు. నేను కరకట్ట మీదే నిలబడి చూశాను. రొయ్యలు చిన్నవి, కిలోకి నూట పది తూగాయి. కొన్ని ట్రేల్లో ఇంకా ఎగురుతున్నాయి, కొన్ని కదలడం లేదు. నూరు రోజులుండాల్సిన పంట అరవై రోజులకి బయటికొచ్చింది. అయినా చెరువులోనే చచ్చి కుళ్ళిపోలేదు. దానివల్ల అతనికి ఒక్కటి మిగిలింది: చెరువు యజమాని ఇంకొక్క పంటకి ఒప్పుకున్నాడు. అది కూడా పోతే చెరువు వదలాలి.

ఆ రోజు నుంచి చెరువుల గట్లన్నిటి మొదట్లో ఊదారంగు నీళ్ళ టబ్బులు వచ్చాయి. ఈసారి నీళ్ళు నిజంగానే ఉన్నాయి, నేను దూరం నుంచి చూశాను. గట్ల మీదికి బయటివాళ్ళు రాకూడదని అట్ట ముక్క మీద రాసి కట్టారు. బయటివాళ్ళంటే నేనే. ఇంకెవరూ పరుగెత్తరు.

మురుగు కాలవకి ఇవతల ఒడ్డున, మడ చెట్ల వైపు వెళ్ళే పాత గట్టు పట్టాను. అది ఇంకా మొండి దారి. పోటుకి కొన్ని చోట్ల నీళ్ళెక్కుతాయి. పీతల బొరియల్లో మడమ దిగబడుతుంది. మడ వేళ్ళు మొలల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అక్కడ రెండుసార్లు పడ్డాను, డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి. కానీ పాటు తీసినప్పుడు, ఎండ పడకముందు, ఆ బురద మీద సన్నటి పొర గట్టిపడి కాలికింద అప్పడంలా చిట్లుతుంది. ఆ చప్పుడు కోసం రెండువందల మీటర్లు ఎక్కువ పరుగెత్తేదాన్ని. అవతలి ఒడ్డున రైతు చెరువు ఖాళీగా ఎండుతూ కనిపించేది. జబ్బొచ్చిన చెరువు అడుగు నెర్రెలు తీసేదాకా ఎండబెట్టాలి. ఎక్కడ తడి మిగిలితే అక్కడ జబ్బు మిగులుతుంది. అతను రోజూ గట్టు మీద తిరుగుతూ కిందికి చూసేవాడు. నన్ను చూసేవాడు. పలకరించేవాడు కాదు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక రోజు కాలవ అవతల్నుంచి కేకేశాడు.

"మేడమ్! ఒకసారి ఇటు రండి. బూట్లతోనే."

బల్లకట్టు మీద కాలవ దాటి వెళ్ళాను. టబ్బు దగ్గర నిలబడి, ముందు నా బూట్లు చూశాడు. ముంచాను. రెండు నిమిషాలు ఉంచమన్నాడు. నేను మూడు ఉంచాను.

"చెరువులో పరుగెత్తుతారా?" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత, ఇదేదో నా మీద జాలేమోననిపించింది. జాలి నాకు పడదు. "నాకు ఈ గట్టే కావాలని నేను అడగలేదే" అన్నాను.

"గట్టు కాదండి. అడుగున. నేల పైకి ఎండినట్టే కనబడుతోంది. కింద ఎక్కడ మెత్తగా ఉందో తెలియట్లేదు. నేను నడిస్తే అడుగడుక్కీ కర్ర గుచ్చి చూడాలి, నాలుగు రోజులు పడుతుంది. మీరు వరస తప్పరని పెద్దమ్మగారు చెప్పారు. మీ మడమ ఎక్కడ దిగితే అక్కడ నేను పుల్ల గుచ్చుకుంటాను."

అప్పుడు నా మనసు తేలికైంది. క్షమించడానికి పిలవలేదు. పనికి పిలిచాడు.

చెరువు పొడవు తొంభై అయిదు మీటర్లు, వెడల్పు అరవై నాలుగు. రెండేసి మీటర్లకి ఒక వరస అనుకుంటే ముప్పై రెండు వరసలు. మూడు కిలోమీటర్ల నలభై మీటర్లు. రెండు కొసల్లో ఇద్దరం గుర్తులు పెట్టుకున్నాం. నెర్రెల మీద పరుగు ఇంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. అరచేయంత పెంకులు, ఒక్కోటి కాలి కింద కిర్రుమంటుంది. అడ్డంగా గాలి. చుట్టూ నాలుగు వైపులా గట్టు, పైన ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఇంతకాలం నీళ్ళకి పైన పరుగెత్తాను, ఇప్పుడు నీళ్ళుండే చోట పరుగెత్తుతున్నాను. ఏడో వరసలో మొదటిసారి మడమ దిగింది.

"ఇక్కడ!"

పుల్ల గుచ్చాడు.

"లోతెంత?"

"బొటనవేలంత" అన్నాను ఆగకుండా.

"ఆగి చెప్పండి, కొలుస్తాను."

ఆగాను. కొలిచాడు. ఇతనెప్పుడు కొలవడం మొదలెట్టాడా అనుకున్నాను, అనలేదు. ముప్పై రెండు వరసలకి పదకొండు పుల్లలు. ఎక్కువ ఇంజను వైపు మూలలోనే. ఆ చోట్లల్లా మట్టి తవ్వి తిరగేసి సున్నం చల్లాడు. పన్నెండు రోజులకి మళ్ళీ పిలిచాడు. ఆ సారి మూడు. మార్చి మొదట్లో మూడోసారి పరుగెత్తాను. ముప్పై రెండు వరసల్లో ఒక్కచోట కూడా దిగలేదు. నాకే నమ్మకం కలగక ఇంజను మూల ఇంకోసారి తిరిగాను, ఈసారి కావాలని కాస్త బరువుగా అడుగులేస్తూ. దిగలేదు.

గట్టు ఎక్కేసరికి అతను ఇంజనుకి బెల్టు ఎక్కిస్తున్నాడు. కాలవ మీద కొత్తగా సన్నకళ్ళ వల కట్టి ఉంది. మెట్టు పగలగొట్టేశాడు, సిమెంటు పెళ్ళలు ఒడ్డున కుప్పగా ఉన్నాయి.

"రేపు పోటుకి నీళ్ళు పెడతానండి" అన్నాడు.

"అయితే రేపట్నుంచి ఇటు రాను."

చేతులు తుడుచుకుంటూ తల ఊపాడు.

"రాకండి" అన్నాడు.